ఆర్యపల్లి సరంగు అనని మాట

మొన్న బరంపురంలో ఒక కాలేజీ వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. అంతర్జాతీయ రాజకీయాలు చదువుకునే పిల్లలు. నా ప్రసంగం అయిపోయాక వెనక బల్ల మీది అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, విప్లవం చేసినవాళ్ళు ముసలివాళ్ళయిపోతారు. సగంమంది పోతారు కూడా. అయినా ఆ దేశాలు బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇంకా ఆ పాత మాటలే ఎందుకు మాట్లాడతాయి? అది నిజమా, నాటకమా?"

ఏదో జవాబు చెప్పాను. ఆటోలో ఇంటికి వస్తుంటే ఆ జవాబు నాకే నచ్చలేదు. పుస్తకాల్లో ఉండేదే చెప్పాను. చెప్పాల్సింది ఒక సరంగు సంగతి. ఆ అమ్మాయి కోసం, ఆమె ఈడు వాళ్ళందరి కోసం ఇప్పుడు చెబుతున్నాను.

నేను పుట్టింది రంభలో. మా నాన్న చిలికా రొయ్యలు కొని రైలుకి ఎక్కించే వ్యాపారి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. రెండు భాషల మధ్య పెరిగినదానికి మూడోది పెద్ద బరువనిపించలేదు. ఢిల్లీలో ఒక పరాయి భాష చదివి, దాని పుణ్యమా అని సర్కారు కొలువులో దుభాషిగా చేరాను. చివరికి ఆ భాష మాట్లాడే దేశంలోనే, ఒక రేవు పట్నంలో, మన కాన్సులేటులో కొన్నేళ్ళు ఉన్నాను. ఆ దేశం పేరు చెప్పను. రాజుని తరిమేసి విప్లవం తెచ్చుకున్న దేశం. సన్నటి సముద్రానికి ఈ ఒడ్డున అది ఉంది. ఆ ఒడ్డున ఇంకా రాజు ఏలుతున్న దేశం.

ఆ ఊళ్ళో గడిపిన కాలం నాకు ఇప్పటికీ కలలో తిరిగినట్టే జ్ఞాపకం. అక్కడి సముద్రానికి అలలుండవు. పొద్దున్నే నీళ్ళూ ఆకాశమూ ఒకే పాల రంగులో కలిసిపోయి, దూరాన నిలబడిన ఓడలు గాలిలో వేలాడుతున్నట్టు కనిపించేవి. కిటికీ దగ్గర నిలబడితే ఒక్కోసారి నేను రంభ రేవులోనే ఉన్నానేమో అనిపించేది. మధ్యాహ్నానికి ఎడారి నుంచి దుమ్ము లేచి ఊరంతా కప్పేసేది. ఆ దుమ్ములోంచి గోడల మీద బొమ్మలు మాత్రం పైకి తేలేవి: విప్లవంలోనూ, తర్వాత వచ్చిన యుద్ధంలోనూ చచ్చిపోయిన కుర్రాళ్ళ ముఖాలు. ఎండకి వాళ్ళ పెదాలు వెలిసిపోయాయి, కళ్ళు వెలిసిపోలేదు. వాటి కింద మనిషెత్తు అక్షరాలతో ఒక నినాదం: లోకంలోని పీడితులందరికీ మేం అండ. దాని కింద టైర్ల దుకాణం.

మా కాన్సల్ నాకన్నా వయసులో చాలా చిన్న. చురుకైనవాడు, నవ్వించేవాడు, పని దగ్గర నిద్రాహారాలు చూసుకోనివాడు. ఆ నినాదం పక్కనుంచి కారు వెళ్ళినప్పుడల్లా అనేవాడు: "అది గోడ మీద రంగు, మేడమ్. గోడ వెనక కూర్చున్నవాడు మనలాగే లాభం, నష్టం చూసుకుంటాడు." నేను నవ్వేదాన్ని. టైర్ల దుకాణం ఆయన మాటకే సాక్ష్యం చెబుతున్నట్టుండేది.

ఒక వేసవిలో కబురొచ్చింది. అవతలి ఒడ్డు షావుకారు పడవ ఒకటి ఇవతలి నీళ్ళలో చేపలు పడుతూ దొరికింది. పడవలో ఉన్నవాళ్ళు అయిదుగురు, అందరూ మనవాళ్ళు. మామూలుగా అయితే ఇది పెద్ద విషయం కాదు. పడవ యజమాని మనిషి వచ్చి మాట్లాడుకుంటాడు, మనం కాగితాలు చూస్తాం, జాలర్లు ఇంటికి వెళ్తారు. కాని ఆ యేడు రెండు ఒడ్డుల మధ్యా మాటలు లేవు. రాయబార కార్యాలయాలు మూసేసుకున్నారు. యజమాని మనిషి వచ్చే దారే లేదు.

వాళ్ళని ఉంచిన చోటు నౌకాదళం పెరటిలో, ఖర్జూరపు చెట్ల మధ్య ఒక పొట్టి బంగళా. కాన్సల్‌తో కలిసి లోపలికి వెళ్ళాను. నీడలో కూర్చుని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. గుమ్మంలోనే నా కాళ్ళు ఆగిపోయాయి.

"ఎవులో ఒచ్చినారు సూడు. ఆడమనిసి కూడా ఉన్నాది."

అన్నేళ్ళ తర్వాత, అంత దూరంలో, మా ఇంటి మాట. నా నోట్లోంచి కూడా అదే వచ్చింది. "నాది రంభ అన్నా. మీదే ఊరు?"

అందరికన్నా పెద్దవాడు లేచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, ఉప్పుగాలికి నల్లబడ్డ వెడల్పాటి ముఖం. పడవ నడిపే సరంగు ఆయనే. "రంభ ఆడబిడ్డవా అమ్మా! మాది ఆర్యపల్లి. ఈల్లు కూడా మా ఊరోల్లే. ఇంక భయం నేదర్రా, మన రంభ ఆడబిడ్డ ఒచ్చినాది." ఆయన ఆ మాట అంత నిశ్చింతగా అనేసరికి భయం నాకు పట్టుకుంది.

ఆ సాయంత్రం నా ఫోన్లోంచి ఆయన భార్యకి కలిపాను. ఆవిడ ఛత్రపురంలో చేపలమ్ముతుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "తిండి ఎడతన్నారా?" అని అడిగింది. పెడుతున్నారన్నాడు. "సేపలు వొండుతారా?" వండుతారన్నాడు. "బాగుంటాయేటి?" బాగోవన్నాడు. "అయితే బేగి ఒచ్చియ్యి" అంది.

మేం మాట్లాడాల్సింది ఆ రాష్ట్రంలో విదేశాంగ శాఖ ప్రతినిధిగా ఉన్న పెద్దమనిషితో. తెల్లటి గెడ్డం, యుద్ధంలో దెబ్బతిన్న కాలు, చేతికర్ర. నన్ను 'సోదరీ' అనేవాడు. విప్లవం నాటి మర్యాద అది. యువకులు మానేసినా ఆయన మానలేదు. ఇరవై యేళ్ళ వయసులో రాజు విగ్రహానికి తాడు కట్టి లాగిన గుంపులో తనూ ఉన్నానని చెప్పేవాడు. అతిథులకి స్వయంగా దోసకాయ చెక్కు తీసి, ఉప్పు చల్లి, ముక్కలు పెట్టేవాడు.

మొదటి సమావేశంలోనే మా కాన్సల్ తన లెక్క బయటపెట్టాడు. వాళ్ళ సరుకు కొంత మన రేవులో ఆగిపోయి ఉంది. "అది కదిలేలా మేం చూస్తాం. మా జాలర్లు ఇంటికి వెళ్ళేలా మీరు చూడండి" అన్నాడు. మాటల్లో ఎక్కడా మొరటుదనం లేదు. నేనూ వీలైనంత మెత్తగా ఆ భాషలో పెట్టాను.

పెద్దాయన కత్తి పళ్ళెంలో పెట్టేశాడు. "మనుషుల్ని సరుకుతో తూచేది అవతలి ఒడ్డు వాళ్ళు. వాళ్ళలాంటివాణ్ణే మేం ఇక్కడ దించేశాం. మీరు నన్ను ఎవరనుకున్నారు?" అని టీ తెప్పించాడు. టీ తాగడం అయ్యేదాకా మర్యాదగా వాతావరణం గురించి మాట్లాడాడు. తర్వాత వారాలు గడిచినా మా ఫోను ఎత్తలేదు.

"బేరం పెంచడానికి కోపం నటిస్తున్నాడు, అంతే" అన్నాడు కాన్సల్ మొదటి వారం. మూడో వారానికి ఆ మాట మానేశాడు.

ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఎండ, దుమ్ము, ఖర్జూరపు ఆకుల గలగల. సరంగు ఖాళీగా కూర్చోలేక కాపలావాళ్ళ దగ్గర చిరిగిన వల ఒకటి అడిగి తీసుకుని బాగుచేశాడు. మర్నాడు ఇంకో కాపలావాడు వాళ్ళ నాన్న వల తెచ్చాడు. కొన్నాళ్ళకి ఆ పెరడంతా వలలే. చెట్టు నుంచి చెట్టుకి వేలాడదీసిన వలల మధ్య, ఆకుపచ్చ నీడలో, అయిదుగురు ఒంగి కూర్చుని ఉండేవాళ్ళు. నేను వెళ్ళినప్పుడల్లా నీళ్ళ అడుగుకి దిగినట్టుండేది. వాళ్ళలో అందరికన్నా చిన్నవాడికి అంతకు ముందు చలికాలమే పెళ్ళయింది. సరంగుకి అల్లుడి వరస. మెల్లిగా అతను అన్నం మానేశాడు. ముందు చేప వద్దన్నాడు, తర్వాత రొట్టె వద్దన్నాడు, తర్వాత అడిగినా పలకడం మానేశాడు.

అప్పుడు పెద్దాయన దగ్గరనుంచి ఫోను వచ్చింది. పీడితులైన ఆ సోదరుల్ని విప్లవం విడిచిపెట్టగలదు, కాని ముందు వాళ్ళు టీవీ కెమెరా ఎదుట ఒక మాట చెప్పాలి: అవతలి రాజు మనిషి, ఆ పడవ యజమాని, తమని బానిసల్లా వాడుకున్నాడు, విప్లవమే తమకి విముక్తి ఇచ్చింది అని.

కాన్సల్ ఢిల్లీతో మాట్లాడాడు. అక్కడివాళ్ళు ఒద్దన్నారు. అవతలి రాజ్యంలో మనవాళ్ళు లక్షలమంది పనిచేస్తున్నారు, ఆ రాజుకి కోపం తెప్పించే మాట మన మనిషి నోట రాకూడదు. కాన్సల్ ఫోను పెట్టేశాడు. అప్పటికి ఆ కుర్రవాణ్ణి ఆయనా చూసి వచ్చాడు. "మనం చెప్పమనొద్దు, మానమనొద్దు. నోరు వాళ్ళది" అన్నాడు. ఉద్యోగానికి ముప్పు తెచ్చే మాటే అది. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజుదే.

కెమెరా వచ్చే రోజు ఉదయం బంగళా ముందు గదిలో కుర్చీలు వేశారు. కెమెరా పట్టుకున్న యువకుడొకడు, దోసకాయల పళ్ళెంతో పెద్దాయన, మేమిద్దరం. అయిదుగురికీ తెల్ల చొక్కాలు ఇచ్చారు. బయట దుమ్ము ఎంత దట్టంగా ఉందంటే కిటికీల్లో వెలుతురు పసుపు నీళ్ళలా ఉంది. ఆ గది ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. కలలో ఎవరూ మాట్లాడరు, నేను ఎవరి మాట చెప్పాలో తెలియక నిలబడి ఉంటాను.

పెద్దాయన ప్రకటన చదివాడు. నేను సరంగుకి తెలుగులో చెప్పాను. "మేము పీడితులం" అన్న చోట ఆయన చెయ్యెత్తాడు.

"పీడ పట్టినోల్లమా? ఏటమ్మా ఆ మాట? ఇంటికెల్లే ముందు అలాటి మాట అంతారేటి?"

ఆ పరిస్థితిలోనూ నాకు నవ్వొచ్చింది. "అలగ కాదన్నా. ఎవడో తొక్కీసినోల్లు, బాధపెట్టీసినోల్లు అని."

పెద్దాయన ఏమిటన్నాడు. మా భాషలో ఆ మాటకి చెడుగాలి సోకడమనే అర్థం కూడా ఉందని చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. "రాజులంటే మాకూ అదే. మీ భాష మంచి భాష, సోదరీ."

సరంగు మాత్రం నవ్వలేదు. ప్రకటన మొత్తం ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"నానిది అననమ్మా."

చిన్నవాడు, ఎన్నాళ్ళుగానో నోరు విప్పనివాడు, సరంగు చొక్కా పట్టుకున్నాడు. "మావా, ఒక్క మాట మావా. అనీ. ఇంటికెలిపోదాం."

"కావాలంటే నువ్వు అను నాయినా. నాను వొద్దనను. ఎవుడూ నిన్నేటీ అనడు. నా నోటికి మాత్రం రాదు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ పెద్దాయనకి సరిగ్గా సెప్పమ్మా. మా తమ్ముడు కూడా ఆ సేటు పడవ మీదే సేసీవోడు. గాలికి నీల్లల్లో పడిపోనాడు. సేటు సేపల ఏట ఆపీసినాడు. తనకున్న పడవలన్నీ ఎతకడానికి తోలినాడు. శవం దొరికీదాకా ఇంటికెల్లనేదు. పెట్లో ఎట్టి ఆర్యపల్లి పంపినాడు. మా అమ్మ కొడుకు మొకం సూసుకున్నాది. సేటు మంచోడని నాననను. తిట్టీవోడు. మా పాస్‌పోర్టులు తనకాడే ఎట్టీసుకున్నాడు. పండక్కి కూడా పంపీవోడు కాడు. అయినా గాని, రాచ్చసుడని నాను కెమేరాలో ఎలగంతాను? ఆడి ఉప్పు తిన్నాను. మా తమ్ముడి శవం మోసినాడమ్మా ఆడు."

ఒక్కో వాక్యమూ చెబుతూ వెళ్ళాను. పెద్దాయన చేతికర్ర మీద గెడ్డం ఆనించి విన్నాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు: "శవం దొరికిందా?"

"దొరికినాది బాబూ."

పెద్దాయన కిటికీ వైపు చూశాడు. యుద్ధంలో ఆ ఊరినుంచి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ ముఖాలు ఎన్ని గోడల మీద ఉన్నాయో మాకందరికీ తెలుసు. ఆయన వాళ్ళలో ఎవరిని తలచుకున్నాడో, అసలు తలచుకున్నాడో లేదో, నాకు తెలియదు. కెమెరా యువకుణ్ణి టీ తాగిరమ్మన్నాడు. అతను వెళ్ళేదాకా ఆగి, నెమ్మదిగా, పాఠం చెబుతున్నట్టు అన్నాడు:

"ఇతని పాస్‌పోర్టు లాక్కున్నారు. ఇంటికి పంపలేదు. ఇతని తమ్ముడు ఆ పనిలోనే చచ్చిపోయాడు. శవాన్ని ఇంటికి పంపినందుకు ఇతను కృతజ్ఞత చూపిస్తున్నాడు. ఇంతకన్నా పీడితుడు నాకు ఎక్కడ దొరుకుతాడు? తాను పీడితుణ్ణని అతను ఒప్పుకోవాలని మా రాజ్యాంగంలో ఎక్కడా లేదు, సోదరీ. అతని తరఫున నేను చెబుతాను."

అక్కడే కూర్చుని విడుదల ఉత్తర్వు తన చేత్తోనే రాశాడు. కారణం అన్న చోట నినాదంలోని మాటలే పెట్టాడు. ఆయన నవ్వుతూ అన్నాడా, నిజంగానే అన్నాడా? అంత దగ్గర కూర్చుని, ఆ భాషలో జీవితమంతా గడిపి కూడా నేను పోల్చుకోలేకపోయాను.

సరంగుకి సంగతి చెప్పాను. "ఏటంటాడమ్మా? నాను అననన్నాను కదా?" అన్నాడు అనుమానంగా. "నువ్వు అనక్కర్నేదంతన్నాడన్నా." ఆయన వెళ్ళి పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. పెద్దాయన దోసకాయ ముక్క ఒకటి తీసి చిన్నవాడి చేతిలో పెట్టాడు. వాడు తిన్నాడు. కన్నీళ్ళు కారుతుంటే తిన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో కాన్సల్ తన ఫైలు మూసి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు: "నేను నాలుగు ప్రతిపాదనలు తయారుచేశాను, మేడమ్. నాలుగూ బాగున్నాయి. వాటిలో ఏదీ ఆ గదిలో మాట కూడా కాలేదు." ఢిల్లీకి మాత్రం, నిరంతర ద్వైపాక్షిక కృషి ఫలించిందని రాశాడు. అలా రాయకపోతే ఎవరికీ అర్థం కాదు. మన రాజ్యానికీ తనదైన భాష ఒకటుంది మరి.

కాలేజీ అమ్మాయికి నేను చెప్పాల్సింది ఇదీ. ఆ పెద్దాయనకి జాలి కలిగిందనే నా నమ్మకం. కాని ఆ రాజ్యంలో జాలికి సొంత సంతకం చెల్లదు. స్వార్థానికీ చెల్లదు, కోపానికీ చెల్లదు. ఏది రావాలన్నా విప్లవం నేర్పిన మాటల్లోనే గుమ్మం దాటాలి. అలా ఒక తరం గడిచేసరికి, వాళ్ళు ఆ మాటలు వాడుతున్నారో, ఆ మాటలే వాళ్ళని వాడుతున్నాయో వాళ్ళకే తెలియదు. నాటకమని తీసిపారేసినవాడు మా కాన్సల్‌లా వారాల తరబడి ఫోను దగ్గర కూర్చోవాలి. అంతా నిజమని నమ్మినవాడు ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియక ఆశ్చర్యపోతూ ఉండాలి. నేను ఆశ్చర్యపోయే రకం.

కాని తెరిచిన మాటే ఇంకో తలుపు మూసింది. విమానాశ్రయంలో వాళ్ళని దూరం నుంచి తీసిన బొమ్మ ఆ దేశపు టీవీలో వచ్చింది. వాళ్ళేమీ అనలేదు. చెప్పేవాడే అన్నాడు: రాజు చెరనుంచి విప్లవం కాపాడిన పీడితులు. అవతలి రాజ్యం అది చూసింది. అయిదుగురి పేర్లూ ఆ దేశానికి రాకూడనివాళ్ళ జాబితాలో చేరిపోయాయి. మళ్ళీ వీసా రాలేదు.

రిటైరై బరంపురం వచ్చాక, ఆర్యపల్లి దగ్గరే కదా అని తెలిసినా, వెళ్ళడానికి నాకు జంకుగా ఉండేది. కిందటి చలికాలం వెళ్ళాను. పొద్దెక్కింది, మబ్బుగా ఉంది. ఒడ్డున ఎండుచేపలు పరిచిన చోటే ఆయన కనిపించాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూడగానే, "రంభ ఆడబిడ్డ!" అని కేక పెట్టాడు. భార్య వచ్చి నన్ను కూర్చోబెట్టి ఇంట్లోంచి చేపల పులుసు తెచ్చింది. చిన్నవాడు ఇప్పుడు కేరళ పడవల మీద చేస్తున్నాడట, ఇద్దరు పిల్లలట.

"ఆ రోజు అనీసుంటే సరిపోయేది కదన్నా, ఎలగూ వీసా పోనాది" అన్నాను, ఉండబట్టలేక.

"అంటే పోయీది, అనకపోయినా పోనాది. దానికేటుందమ్మా." కాసేపు చేపలు తిరగేశాడు. "నాకున్న బెంగ అది కాదు. సేటు టీవీ సూసుంటాడు కదా. ఈడు నా మీద సెప్పీసినాడు అనుకుంటన్నాడేమో. ఇన్నేల్లూ ఆడికి ఫోన్ సెయ్యడానికి నాకు మొకం సెల్లనేదు. నంబరున్నాది. నువ్వు సెప్పమ్మా. నా మాటయితే నమ్మడు. నువ్వు ఆ రోజు అక్కడున్నావు కదా."

నంబరు కలిపాను. నాలుగైదు మోతలయ్యాక ఒక ముసలి గొంతు పలికింది. అక్కడి వ్యాపారులందరికీ వచ్చే హిందీ ఆయనకీ వచ్చు. నేనెవరో చెప్పాను. దుభాషి నోటంట వచ్చే 'నేను' ఎప్పుడూ పక్కవాడిది. ఉద్యోగమంతా నేను పలికిన 'నేను'ల్లో ఒకటీ నాది కాదు. ఆ పొద్దున్న మాత్రం అన్నాను: "నేను ఆ గదిలో ఉన్నాను. ఆయన మీ మీద చెడుగా అనలేదు. చెప్పమంటే చెప్పనన్నాడు. అది నేను విన్నాను."

అవతల ఎక్కడో పడవ ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత ఆ గొంతు, "ఫోను అతనికివ్వండి" అంది.

ఇచ్చాను. సరంగు రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడ్డాడు. "సేట్" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. హిందీ, అరబ్బీ, మధ్యలో తెలుగు, ఏ వాక్యమూ సరైనది కాదు. సరంగు మాట్లాడుతూ మాట్లాడుతూ నీళ్ళవైపు నడిచి వెళ్ళిపోయాడు. ఒక చెయ్యి గాలిలో ఆడుతోంది, ఏదో చేప పొడవు చూపిస్తున్నట్టుంది.

"ఏటి మాటాడుకుంతన్నారమ్మా ఈల్లు?" అంది ఆయన భార్య, నా పక్కన కూర్చుంటూ.

చెవి ఒగ్గి విన్నాను. "ఏట సంగతే" అన్నాను. "ఈ యేడు అటుపక్క సేపలు పడ్డాయా నేదా అని అడుగుతున్నాడు."